హార్నెట్ మీద పిల్లలు పడుకునే ముందు: ఆ నిచ్చెనల సంగతి

వచ్చే నెల మా స్కౌట్ ట్రూప్ పిల్లలు కాలిఫోర్నియాలోని అలమీడాలో, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న హార్నెట్ ఓడ మీద ఒక రాత్రి ఉండబోతున్నారు. 1943లో అమెరికా నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక అది. చంద్రుడి మీద నుంచి వచ్చిన అపోలో 11 వాళ్లను 1969 జులై 24న పసిఫిక్‌లో ఎక్కించుకున్నది ఇదే. పిల్లల సంబరం నాకు అర్థమవుతుంది. నా టెన్షన్ వేరు.

పోయినేడు ఇంకో ఓడ మ్యూజియంలో మా పిల్లల్లో ఒకడు నిచ్చెన మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. చంకలో స్లీపింగ్ బ్యాగ్, చేతిలో దిండు, కాళ్లకు సాక్సులు. ఇంట్లో మెట్లు దిగినట్టు ముందుకు చూస్తూ దిగాడు. కాలు జారితే పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. వెనక ఉన్నది నేనే.

ఓడలో మెట్లంటే మన ఇంటి మెట్లు కావు. అటకెక్కే నిచ్చెనంత నిటారుగా ఉండే ఇనుప నిచ్చెనలు. దిగేటప్పుడు ముఖం నిచ్చెన వైపు, రెండు చేతులూ కడ్డీల మీద. ఈ ఒక్కటీ ఇంట్లోనే నాలుగుసార్లు చెప్పి పంపండి.

సామాను: చక్రాల సూట్‌కేసు వద్దు. రెండు భుజాలకూ తగిలించుకునే బ్యాగ్ ఒక్కటే, స్లీపింగ్ బ్యాగ్ దానికే కట్టాలి. కుదరకపోతే నిచ్చెన ఖాళీగా ఉన్నప్పుడు పైనొకరు, కిందొకరు పెద్దవాళ్లు నిలబడి అందుకోవాలి. పిల్లల చేతులు మాత్రం ఖాళీ.

బట్టలు: ఆగస్టయినా సరే, రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కో బే గాలికి డెక్ మీద వణుకు పుడుతుంది. స్వెటర్, లేసుల బూట్లు. క్రాక్స్ వద్దు.

మందులు: ఆస్తమా ఇన్‌హేలర్ ఎక్కడుందో లీడర్‌కు తెలియాలి. దాన్ని పులిహోర డబ్బా కింద సర్ది పంపిన తల్లి ఉంది, పేరు చెప్పను.

పడకలు: ఒకదాని మీద ఒకటి, మూడు వరుసలు. నిద్రలో దొర్లే పిల్లాడికి అడుగుది.

ఇక మిగతావి. ఇరవై ఒకటి దాటిన లీడర్లు ఇద్దరు లేకపోతే బయల్దేరకండి. పడుకునే ముందు లెక్క, లేచాక లెక్క. బాత్రూమ్‌కు ఇద్దరేసి. సాక్సులతో కాదు, బూట్లతో. టార్చ్ తలకు కట్టుకునేదే, చేతిలోది కాదు. తలుపుల దగ్గర ఆగి దాటాలి: కింద గడప మోకాలికి తగులుతుంది, పైన ఇనుప అంచు పెద్దవాళ్ల నుదుటికి తగులుతుంది. విమానాల మధ్య పరుగుల్లేవు. రెక్కల అంచులు, ముందుకు పొడుచుకొచ్చే గొట్టాలు కంటికి గుచ్చుకునే ఎత్తులో ఉంటాయి, కింద కట్టిన గొలుసులు చీకట్లో కనపడవు. ఫోటో కోసం వెనక్కి నడవొద్దు. కాక్‌పిట్‌లో కూర్చోనిస్తే పసుపు-నలుపు చారల పిడి ముట్టుకోవద్దు. నిచ్చెన మీద ఒకసారికి ఒక్కరే. ఎక్కినా, దిగినా చేతులు ఖాళీ. ఫోన్ జేబులో. దిండు బ్యాగ్‌లో. చేతులు ఖాళీ!

ఆ బాబు పడింది రాత్రి కాదు, పొద్దున. నిద్రకళ్లతో, ఇంటికెళ్లే తొందరలో. అందుకని పార్కింగ్‌లో కార్లు ఆన్ చేసుకుని కూర్చున్న నాన్నలూ, దయచేసి పిల్లలకు ఫోన్ చేసి "ఇంకా ఎంతసేపురా" అనకండి.