జిగటగా మిగిలిన రెసిన్‌ను ఇలా సరిచేశాను

చెక్కపెట్టె మూత మీద ఎండిన పూలు పేర్చి ఎపాక్సీ రెసిన్ (హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపితే గట్టిపడే ద్రవం) పోశాను. మూడు రోజులైనా వేలు పెడితే జిగటే. చాలా బాధేసింది, ఆ పూలు నెలరోజులు పుస్తకాల మధ్య పెట్టి ఎండబెట్టినవి.

తప్పు కొలతలో ఉంది. సీసా మీద రెసిన్‌కి, హార్డెనర్‌కి రాసిన 1:1 ఘనపరిమాణం లెక్క. నేనేమో త్రాసు మీద సమానంగా తూచాను. రెసిన్ హార్డెనర్ కంటే బరువు కాబట్టి హార్డెనర్ వాటా ఎక్కువైపోయింది. ఇలా జరిగితే ఎన్నాళ్లు ఆగినా లాభం లేదు.

గ్లవ్స్ వేసుకుని, కిటికీలు తెరిచి, మెత్తగా ఉన్నదంతా గీకేశాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనిచ్చాను. ఈసారి గీతలున్న కప్పుతో కొలిచి, కప్పు అంచులు, అడుగు గీకుతూ నాలుగు నిమిషాలు నెమ్మదిగా కలిపి, పలుచగా పోశాను. మర్నాటికి గట్టిపడింది. రెండు రేకులు మాత్రం దక్కలేదు.