చెవితో వెర్షన్ పట్టడం, 3వ పాఠం: ఈ పాట ఏ దేశం కోసం చేశారు?

పోయిన పాఠంలో మోనోకీ (రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం) స్టీరియోకీ (ఒక్కో చెవిలో వేరు శబ్దం) తేడా వినడం చూశాం కదా. ఫోన్ స్పీకర్లో విని "నాకేం తేడా తెలియలేదు" అనుకున్నవాళ్లు ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అది పూర్తి చేసి రండి, ఈరోజు పని దాని మీదే నడుస్తుంది.

బ్రిటిష్ బ్యాండ్ బీటిల్స్ పాట 'ఐయామ్ లుకింగ్ త్రూ యూ' తీసుకోండి. 1965లో వచ్చిన 'రబ్బర్ సోల్' ఆల్బమ్‌లోది. బ్రిటన్‌లో అమ్మిన ప్రతిలో గిటార్ ఎత్తుకుంటే ఇక ఆగదు. అమెరికా స్టీరియో ప్రతిలో గిటార్ మొదలై టక్కున ఆగిపోతుంది, మళ్లీ మొదలై మళ్లీ ఆగుతుంది, మూడోసారికి గానీ పాట నడవదు. మొదటిసారి విన్నప్పుడు ఫైల్ పాడైందనుకుని డిలీట్ చేసేశాను! అందుకే మొదటి సూత్రం: పాట మొదలయ్యే పది సెకన్లూ కదలకుండా వినాలి.

ఆల్బమ్ కూడా అక్కడొకటి, ఇక్కడొకటి. బ్రిటన్‌లో 14 పాటలు, 'డ్రైవ్ మై కార్'తో మొదలు. అమెరికాలో 12, 'ఐవ్ జస్ట్ సీన్ ఎ ఫేస్'తో మొదలు. అమెరికాలో పాట రాసినవాళ్లకి రాయల్టీ పాటకింత అని కట్టాలి, అంచేత ఎల్పీలో (ఆల్బమ్ మొత్తం పట్టే పెద్ద రికార్డు) పాటలు తగ్గిస్తే ఖర్చు తగ్గుతుంది, మిగిల్చినవాటితో ఇంకో ఎల్పీ కూడా అమ్ముకోవచ్చు. అమెరికా ప్రతే బాగుందనేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, నాకైతే ఒక బిర్యానీని రెండు పార్సిళ్లు కట్టినట్టే ఉంటుంది.

ఒక్కోసారి ఒక్క మాటే మారుతుంది. కింక్స్ అనే బ్రిటిష్ బ్యాండ్ పాట 'లోలా' (1970)లో మొదట 'కోకా కోలా' అని ఉండేది. అప్పట్లో బీబీసీలో కంపెనీ పేర్లు వినపడకూడదన్న నియమం ఉండేది. దాంతో బ్యాండ్ గాయకుడు రే డేవిస్ అమెరికా టూర్ మధ్యలో విమానమెక్కి లండన్ వచ్చి 'చెర్రీ కోలా' అని పాడి పెట్టాడు. సింగిల్‌లో (పాటని విడిగా అమ్మిన చిన్న రికార్డు) చెర్రీ, ఆల్బమ్‌లో కోకా. మొదటి చరణంలోనే దొరికిపోతుంది.

ఇక కష్టమైనది, భాషే మారిన పాట. జర్మన్‌లో పాడితేనే జర్మనీలో అమ్ముడుపోతాయని అక్కడి రికార్డు కంపెనీ పట్టుబట్టింది, 1964 జనవరి 29న పారిస్‌లో బీటిల్స్ రెండు పాటలు జర్మన్‌లో పాడారు. వాటిలో 'ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్'కి పాత వాద్యాల ట్రాకే ఉంచి గొంతులు, చప్పట్లు మాత్రం కొత్తగా చేర్చారు. తమిళ ట్రాకు మీద తెలుగు గొంతు పెట్టిన డబ్బింగ్ పాటలు వింటూ పెరిగిన మనకి ఇది ఇట్టే అర్థమవుతుంది. 'షీ లవ్స్ యూ'కి మాత్రం పాత ట్రాకు మిగల్లేదు, అంతా మళ్లీ వాయించారు.

ఈ వారం హోంవర్క్ అదే. రెండు జర్మన్ పాటలనీ ఇంగ్లిష్ పాటల పక్కన పెట్టి, మాటలు పట్టించుకోకుండా డ్రమ్స్, గిటార్ మాత్రమే వినండి. 'షీ లవ్స్ యూ' జంటలో వాయింపు ఎక్కడెక్కడ వేరుగా ఉందో నిమిషం, సెకను రాసిపెట్టుకోండి. కనీసం మూడు చోట్లు పట్టాకే 4వ పాఠానికి రండి, అందులో జపాన్ సీడీల్లో మాత్రమే ఉండే అదనపు పాటల సంగతి చూద్దాం.