ఎరువు చల్లిన పచ్చికలోకి పశువులను తోలే ముందు

యూరియా పడ్డాక గడ్డి ముదురు పచ్చగా, గుబురుగా లేస్తుంది. చూడగానే పశువులను వదలాలనిపిస్తుంది. కాస్త ఆగండి. ఇక్కడ పొంచి ఉన్న ప్రమాదం ఒకటి కాదు, రెండు.

మొదటిది గుళికలు. సంచి విప్పిన చోట, ఎరువు చల్లుతూ వెనక్కి తిరిగిన మూలల్లో చిన్న చిన్న కుప్పలు పడతాయి. పశువులు వాటిని ఉప్పు నాకినట్టు నాకేస్తాయి. యూరియా పొట్టలో అమ్మోనియాగా మారి రక్తంలో కలుస్తుంది. అలవాటు లేని 300 కిలోల పశువుకు 100-150 గ్రాములు కూడా ముప్పే. అరగంట, గంటలోపే చొంగ కారడం, వణుకు, ఉబ్బరం మొదలవుతాయి. అందుకే గట్టు మీద నిలబడి చూస్తే చాలదు. వంగి గడ్డి దుబ్బులు వేళ్లతో విడదీసి మొదళ్ల దగ్గర చూడండి. తెల్ల గింజ ఒక్కటి కనిపించినా ఆ రోజు తోలొద్దు. మంచుకు గుళికలు తడుస్తాయంతే, పూర్తిగా కరగవు. మంచి వాన పడాలి, లేదా నీళ్లు పెట్టాలి. ఖాళీ సంచులు, ఎరువు కలిపిన బకెట్లు కడిగిన నీళ్లు పశువులకు అందకుండా చూడండి.

రెండోది గడ్డిలోనే ఉంటుంది, కంటికి కనపడదు. నాకు ఎక్కువ భయం దీనితోనే. గుళికలు కరిగాయి కదా అని మనం ధైర్యపడతాం. కానీ బెట్ట వల్లో, రోజుల తరబడి మబ్బు వల్లో ఎదుగుదల ఆగితే, వేళ్లు పీల్చిన నైట్రేట్ (ఎరువులోని నత్రజని నేలలో మారే రూపం) కాండంలో పేరుకుపోతుంది. బెట్ట తర్వాత వాన పడిన మొదటి వారం మరీ ప్రమాదం. జొన్న, సజ్జ, మొక్కజొన్న చొప్పల్లో ఇది ఎక్కువ, అందులోనూ మొదలు భాగంలో. పొట్టలో అది నైట్రైట్‌గా మారితే రక్తం ఆక్సిజన్ మోయలేదు. చిగుళ్లు మట్టిరంగుకు తిరుగుతాయి, పశువు రొప్పుతుంది, రక్తం చాక్లెట్ రంగులో ఉంటుంది. చూడి పశువు బతికినా గర్భం పోవచ్చు.

ఎరువు వేశాక రెండు మూడు వారాలు ఆగండి, బెట్టగా ఉంటే ఇంకా ఎక్కువ. ఆకలితో ఉన్న మందను ఎప్పుడూ తోలొద్దు. ముందు ఎండుగడ్డి వేసి, మొదటి రోజు కాసేపే మేపి, దగ్గరుండి చూడండి. మొదళ్ల దాకా మేయనివ్వొద్దు. కోసి ఎండబెడితే విషం పోతుందనుకోవడం పొరపాటు, నైట్రేట్ అలాగే ఉంటుంది. సైలేజీలో, అంటే గాలి తగలకుండా పాతర వేసిన పచ్చిమేతలో, తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. అనుమానం ఉంటే మేతను ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

తేడా కనిపిస్తే మందను మెల్లగా బయటికి తేండి. పరిగెత్తిస్తే, రొప్పుతున్న పశువు అక్కడే కూలిపోవచ్చు. వెంటనే పశువుల డాక్టరుకు ఫోన్ చేసి, ఏ ఎరువు ఎప్పుడు వేశారో చెప్పండి. యూరియా అయితే వెనిగర్, చల్లటి నీళ్లు పట్టిస్తారు. నైట్రేట్ అయితే మిథిలిన్ బ్లూ సూది నరంలోకి ఇస్తారు. పడిపోయిన పశువుకు మీరే ఏదీ నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.