గొర్రెలు దొంగల పాలైతే ఏం చెయ్యాలి, దొంగకి ఎంత శిక్ష పడుతుంది

తెల్లారి మంద లెక్కపెడితే రెండు తక్కువొచ్చాయా? ముందు టైర్ల జాడ ఫోటో తీయండి, ఎందుకంటే ఊళ్లో జనమంతా వెతుకుతాం అంటూ వచ్చి దాన్ని తొక్కేస్తారు. వెనక సీట్లు పీకేసిన కార్లో జీవాల్ని వేసుకుపోయేవాడు మధ్యాహ్నానికల్లా ఏ సంతలోనో అమ్మేసుకుంటాడు కాబట్టి వెంటనే 112కి ఫోన్ చేసి, దారిలో ఉన్న పెట్రోల్ బంకు, టోల్‌గేటు కెమెరాలు చూడమని పోలీసులకి ఆ పూటే చెప్పండి. దగ్గర్లో సంత ఉంటే మనుషుల్ని పంపండి.

ఫిర్యాదులో "రెండు గొర్రెలు పోయాయి" అని రాసి ఊరుకుంటే, రేపు దొరికినా అవి మీవేనని తేల్చడం కష్టం. ఇలా రాయండి: జొడిపి (నెల్లూరు గొర్రెల్లో ఒక రకం) పొట్టేలు, తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ మూతి మీద నల్ల మచ్చలు, ఎడమ చెవి కొసన కోత, వీపు మీద ఎర్ర రంగు గీత. ట్యాగు నంబరు ఉంటే అదీ రాయండి గానీ దాన్నే నమ్ముకోవద్దు, దొంగ ముందు కోసి పారేసేది అదే.

ఎక్కడి నుంచి, ఎలా పోయాయో కూడా విడమరిచి చెప్పాలి, సెక్షన్ మారేది అక్కడే. 2024 జులై 1 తర్వాత జరిగినవాటికి పాత ఐపీసీ 379 బదులు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. బీడు భూమిలోనో, పొలంలో మంద పెట్టిన చోటో పోతే 303(2), మూడేళ్ల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. ఇంట్లోంచో, తాళమేసిన షెడ్డులోంచో పోతే 305, ఏడేళ్ల వరకు. కాపరిని కొట్టి తోలుకుపోతే అది దోపిడీ, 309, కొట్టాడు కాబట్టి యావజ్జీవం దాకా పడొచ్చు. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి ఆ పని చేస్తే 310, యావజ్జీవం దాకా వెళ్తుంది. దొంగ సరుకని తెలిసీ కొన్న బేరగాణ్ణి వదలొద్దు, వాడికి 317 ఉంది. (ఇంగ్లండులో 1741 చట్టంతో గొర్రె దొంగకి ఉరిశిక్షే, 1832లో గానీ తీసెయ్యలేదు. అయినా చాలామందిని ఉరి తీయకుండా ఆస్ట్రేలియాకి ఓడెక్కించారు.)

ధర మాత్రం సంత రేటు ప్రకారం నిజంగా ఎంతుందో అంతే రాయండి. ఐదు వేల లోపు సొత్తయి, అదే మొదటి నేరమయ్యి, తిరిగిచ్చేస్తే దొంగకి సమాజ సేవతో సరిపోతుంది.

"మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్లోనైనా నమోదు చేసే కేసు) అడగండి, కాపీ ఉచితం. అసలు ఫిర్యాదే తీసుకోం అంటే ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు.

పెద్దమనుషులు తప్పు కట్టించి వదిలేద్దామంటారు. డబ్బు త్వరగా వస్తుంది, కాదనను, కానీ రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడాది కఠిన జైలనే నిబంధన మొదటిసారి కోర్టులో శిక్ష పడినవాడికే వర్తిస్తుంది. పంచాయితీలో బయటపడ్డవాడు పక్క ఊళ్లో మళ్లీ కొత్త దొంగే.

జీవాలు దొరికాక స్టేషన్లో మేత ఎవరు వేస్తారు? కేసు తేలేదాకా ఆగకుండా మధ్యంతర కస్టడీకి (జీవాల్ని తాత్కాలికంగా మీకే అప్పగించడానికి) వెంటనే కోర్టులో పిటిషన్ వేయించండి, మీ ఫోటోలు, ట్యాగు కాగితాలు దాంతోపాటే పెట్టండి.