భారీ లోడ్‌కు ముందు ఒక్కో కోర్‌నూ విడిగా చూడండి

పరీక్షా ఫలితాల విడుదల, ఏడాది చివరి లెక్కలు, పెద్ద డేటా బదిలీ, ఏదైనా కానివ్వండి, సర్వర్ మీద భారం పడబోయే రోజుకు ముందే ప్రాసెసర్ వాడకాన్ని కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పని చేసే భాగాల) వారీగా చూసుకోవాలి. మొత్తం సగటు చూసి నిశ్చింతగా ఉండకండి. ఎనిమిది కోర్ల యంత్రంలో ఒకటి 100 శాతం నిండి, మిగతా ఏడూ ఖాళీగా ఉన్నా సగటు 12.5 శాతమే. ఆ నిండిన కోర్ మీద ఒకే థ్రెడ్‌తో, అంటే ఒకసారికి ఒకే కోర్ మీద నడిచే ప్రోగ్రామ్ ఉందంటే, వాడేవాళ్లకు మాత్రం పని కదలదు.

లినక్స్‌లో టాప్ (top) కమాండ్ నడుపుతూ 1 నొక్కితే సీపీయూలు విడివిడిగా కనిపిస్తాయి. విండోస్‌లో టాస్క్ మేనేజర్‌లోని సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్ల వారీగా మార్చుకోవచ్చు. నాకు లినక్స్‌లో కోర్ల వారీ వాడకం చూపే ఎంపీస్టాట్ (mpstat) కమాండ్ మీదే గురి. అది సిస్‌స్టాట్ ప్యాకేజీలో ఉంటుంది, ముందే ఇన్‌స్టాల్ చేసి పెట్టుకోండి. యంత్రం ఉక్కిరిబిక్కిరవుతున్నప్పుడు ప్యాకేజీల కోసం వెతుక్కోవడం నరకం. ఎన్ని సెకన్లకోసారి కొలవాలో కూడా తప్పక చెప్పండి. చెప్పకపోతే బూట్ అయినప్పటి నుంచి ఇప్పటిదాకా ఉన్న సగటు చూపిస్తుంది, ఈ క్షణం సంగతి తెలియదు.

కోర్ నిండిందని తెలిస్తే చాలదు, దేనితో నిండిందో ఎంపీస్టాట్ చూపే శాతాల్లో చూడాలి. యూజర్ శాతం ఎక్కువైతే ప్రోగ్రామే పని చేస్తోందని అర్థం. ఒకే కోర్‌లో సాఫ్ట్ (ఇంటరప్టుల తరువాయి పనికి పోయే సమయం) శాతం ఎగబాకుతుంటే నెట్‌వర్క్ కార్డు ఇంటరప్టులన్నీ, అంటే చేతిలో పని ఆపి తన సంగతి చూడమనే పిలుపులన్నీ, దాని నెత్తినే పడుతున్నాయేమో అనుమానించండి. ప్రాక్ డైరెక్టరీలోని ఇంటరప్ట్స్ ఫైలును కొన్ని సెకన్ల తేడాతో రెండుసార్లు తెరిస్తే, ఏ సీపీయూ కింద అంకెలు పరుగెడుతున్నాయో తెలిసిపోతుంది. వర్చువల్ యంత్రంలో స్టీల్ (steal) శాతం పెరిగితే మీ ప్రోగ్రామ్‌ను తిట్టి లాభం లేదు, మీకు రావలసిన సమయం హోస్ట్ (దాన్ని నడిపే అసలు యంత్రం) దగ్గరే ఆగిపోతోంది. ఐఓవెయిట్‌ను (డిస్క్ కోసం ఎదురుచూసిన సమయాన్ని) మాత్రం కోర్ల వారీగా నమ్మకండి. డిస్క్ కోసం ఆగిన పని ఏ కోర్ మీదా నడవదు కదా.

హైపర్‌థ్రెడింగ్ (ఒక కోర్‌ను రెండుగా చూపే ఏర్పాటు) ఉంటే ఇంకో చిక్కు. రెండు లాజికల్ ప్రాసెసర్లు ఒకే కోర్‌ను పంచుకుంటాయి కాబట్టి 50 శాతం కనిపించినా సగం శక్తి మిగిలి ఉందని లెక్కవేయకూడదు.

టాస్క్‌సెట్ (taskset) కమాండ్‌తో ప్రోగ్రామ్‌ను ఒక కోర్‌కు కట్టేయాలనుకుంటే ముందే పరీక్షించండి, లోడ్ పడే రోజున వద్దు. దాని నుంచి పుట్టే ప్రాసెస్‌లన్నీ అదే కోర్ మీద కిక్కిరిసిపోతాయి. సార్ (sar) కమాండ్‌తో మామూలు రోజుల కోర్ల వారీ రికార్డు కూడా దాచండి, ఆ రోజు అంకెలను దానితోనే పోల్చి చూడాలి.