టీవీ కొనేముందు గోడకు పేపర్లు అంటించి చూడండి

పెద్ద టీవీ తీసుకుందామనుకుంటున్నారా? 55 అంగుళాల టీవీ అంటే వెడల్పు దాదాపు 122 సెంటీమీటర్లు, ఎత్తు 69. పాత దినపత్రికలు ఆ కొలతకి అతికించి, టేపుతో గోడకు పెట్టండి. ఓ నాలుగు రోజులు మీరు రోజూ కూర్చునే చోటి నుంచే చూడండి. మా హాల్లో సోఫాకీ గోడకీ మధ్య ఆరడుగులే. పేపరు పెట్టగానే స్విచ్‌బోర్డు మొత్తం దాని కిందకి వెళ్లిపోయింది, క్యాలెండరుకి చోటే లేదు. 43 అంగుళాలది తెచ్చుకున్నాం. రెండేళ్లయింది, ఏ రోజూ చిన్నదనిపించలేదు.

షాపులో నడిచేది చాలా స్పష్టంగా ఉండే 4కె డెమో వీడియో. దానితో ఏ టీవీ అయినా అందంగానే ఉంటుంది. ఇంట్లో అమ్మావాళ్లు చూసేది సెట్‌టాప్ బాక్సులో స్పష్టత తక్కువుండే మామూలు ఎస్‌డీ సీరియలైతే, తెర పెరిగేకొద్దీ ముఖాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. అందుకే మీరు చూసే ఛానెలే పెట్టించి చూడండి, మొహమాటపడకండి.

ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధర చూపించి డిస్కౌంట్ అంటే నమ్మకండి. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉందేమో అడగండి, ఒకేసారి కడితే ఎంతకిస్తారో కూడా.