పడమటి అద్దం తెచ్చిన తంటా
వికారాబాద్ దగ్గర పొలంలో ఇల్లు కట్టినప్పుడు, గుట్ట కనిపించాలని పడమటి గోడంతా అద్దం పెట్టించాను. ఏప్రిల్‌లో సాయంత్రం 4 గంటలకు హాలు కొలిమే! మొదట చూరు 4 అడుగులు పెంచాం, డబ్బు దండగ. పొద్దు వాలేకొద్దీ ఎండ చూరు కిందనుంచి ఏటవాలుగా కొడుతుంది, దానికి నిలువు అడ్డే కావాలి. సగం అద్దం తీసేసి ఇటుక గోడ కట్టి సున్నం పూయించాం. మిగతా సగానికి బయట వెదురు తడికలు. లోపల కర్టెన్లు కట్టి చూశాను, పెద్దగా లాభం లేదు. వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేస్తోంది. తర్వాత అటువైపు వరండా వేసి తాండూరు బండలు పరిచాం, దగ్గరే కాబట్టి కిరాయి కలిసొచ్చింది. ఆవల రెండు కానుగ మొక్కలు నాటాను, అవి ఎదిగేదాకా తడికలే దిక్కు. "వరండా ముందే పెట్టమన్నాను కదరా" అని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది, అక్కడే కూర్చుని గుట్ట చూస్తూ.